మందుపాతరలు ఏరిన మామ

మా ఊరు నర్సంపేట దగ్గర. పాకాల చెరువు నీళ్లు కొన్ని పొలాలకు అందుతాయి, కొన్నింటికి అందవు. అందని వైపంతా నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండితే నెర్రెలు బారి పశువుల కాళ్లు ఇరుక్కుంటాయి. ఆ భూమి కోసం 1950ల చివర్లో గుంటూరు వైపు నుంచి కొన్ని కుటుంబాలు వచ్చాయి. అక్కడ ఒక ఎకరం అమ్ముకుంటే ఇక్కడ నాలుగైదు ఎకరాలు దొరికే రోజులవి. వరంగల్ దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి లారీలో మంచాలు, గంగాళాలు, విత్తనాల మూటలు వేసుకుని వచ్చారట. ఊరికి కాస్త ఎడంగా గుడిసెలు వేసుకున్నారు. వరంగల్ జిల్లాలో ఇలాంటి వాడలు చాలాచోట్ల ఉన్నాయి, కొన్నింటికి గుంటూరుపల్లి అనే పేరే స్థిరపడిపోయింది. వాళ్లు మిరప నాటే తీరు, పత్తి వేసే తీరు చూసి మావాళ్లు ముందు నవ్వారు, తర్వాత నేర్చుకున్నారు.

మామ ఆ లారీలో వచ్చినవాడే. అప్పుడాయనకు తొమ్మిదేళ్లు. మాకు చుట్టం కాదు. మా బాపు ఊళ్లో బ్రాంచి పోస్టుమాస్టర్, మా ఇంటి ముందర అర్రలోనే పోస్టాఫీసు. సొంత ఊళ్ల నుంచి ఉత్తరాలు ఎక్కువగా వచ్చేది గుంటూరు వాడకే కాబట్టి వాళ్లలో ఎవరో ఒకరు రోజూ మా అరుగు మీద ఉండేవాళ్లు. మామ మా అమ్మను అక్కా అనేవాడు, బాపును బావా అనేవాడు. అందుకని నాకు మామ అయ్యాడు. వాళ్లమ్మను ఊరంతా గుంటూరవ్వ అనేది. ఆమెకు చదువు రాదు. లెక్క మాత్రం బాపు కంటే వేగంగా చేసేది.

మామ నర్సంపేటలో హైస్కూలు చదివాడు, పాసయ్యాడు, 1968లో సర్కారు నౌకరీకి కాగితాలు పెట్టాడు. ముల్కీ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అప్పట్లో తెలంగాణలో సర్కారు ఉద్యోగం కావాలంటే ఇక్కడ 15 ఏళ్ల నివాసం ఉండాలి. నిజాం కాలంలో, 1919లో పెట్టిన నిబంధన అది. ఇక్కడి పిల్లల నౌకరీలు ఇక్కడి పిల్లలకే దక్కాలని పెట్టింది. అది సరిగ్గా అమలు కావడం లేదనే కోపంతోనే 1969లో ఊరూరా జై తెలంగాణ నినాదం లేచింది. మా బాపు ఆ నినాదం ఇచ్చిన మనిషే, చివరిదాకా ఆ మాట మీదే ఉన్నాడు. ఆ కోపం న్యాయమైందని నేనూ నమ్ముతాను. కానీ మామకు ఇక్కడికొచ్చి అప్పటికి పదేళ్లే. ముల్కీ రాదు. వెనక్కి పోదామంటే అక్కడ సెంటు భూమి లేదు, తెలిసిన స్నేహితుడు లేడు, చదువుకున్న బడి కూడా ఇక్కడిదే.

1969లో మా ఊళ్లో ఎవరూ ఎవరి మీదికీ పోలేదు. అయినా వేరే ఊళ్ల కబుర్లు విని గుంటూరు వాడలో రెండు మూడు కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి వెళ్లిపోయాయి. గుంటూరవ్వ మాత్రం కదల్లేదు. మిరప కోతకొచ్చింది, ఎట్లా పోతాను అంది. బాపు కొన్ని రాత్రులు వాళ్ల వాకిట్లో మంచం వేసుకుని పడుకున్నాడు. ఆ రోజుల్లోనే పేపర్లో సైన్యంలో భర్తీ ప్రకటన చూసి మామతో అన్నాడట: "ముల్కీ అడగని నౌకరీ ఒక్కటున్నది రా. పోతవా?"

పోయాడు. సికింద్రాబాద్‌లో భర్తీ అయ్యాడు. గుంటూరవ్వ చాలా రోజులు బాపుతో మాట్లాడలేదు. పొలం పనికి వెళ్తూ మా ఇంటి ముందు నుంచి తల తిప్పుకుని పోయేది.

మామను బెంగళూరు పంపారు. మద్రాస్ శాపర్స్ అని, హలసూరు చెరువు పక్కన ఉంటుంది వాళ్ల శిక్షణ కేంద్రం. సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసేవాళ్లు శాపర్లు. వంతెనలు వేస్తారు, బాటలు వేస్తారు, మైన్లు, అంటే మందుపాతరలు పెడతారు, మైన్లు తీస్తారు. ఇవన్నీ అప్పుడు మాకు తెలియదు. ఇంజనీరింగ్ అన్న మాట విని కొడుకు ఇంజనీరయ్యాడనుకుంది అవ్వ. ఆ తర్వాతే మళ్లీ బాపుతో మాట్లాడింది.

మనియార్డర్ వచ్చిన రోజు చూడాలి. బాపు వెళ్లి డబ్బు ఇచ్చి వేలిముద్ర తీసుకుని, కింద కూపన్ చింపి ఇస్తే అందులో రెండు ముక్కలు రాసుండేవి. అవ్వ దాన్ని, ఇన్‌లాండ్ లెటర్లనీ కలిపి చీర కొంగులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చేది. బాపు చదివితే ఆఫీసు కాగితం చదివినట్టు చదువుతాడని, నేను చదివితే కొడుకు మాట్లాడినట్టు ఉంటుందని ఆమె నమ్మకం. "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అన్న దగ్గర మొదలుపెట్టి, బర్రె ఈనిందా, మిరప ధర ఎంత పలికింది, వరంగల్ మార్కెట్లో తూకం సరిగ్గా వేశారా అని ఉత్తరమంతా ఊరి సంగతులే. తన సంగతి ఒక్క వాక్యం ఉంటే ఎక్కువ. "ఇక్కడ నన్ను తంబి అంటున్నారు." "చలి ఎక్కువగా ఉంది." అంతే. అయిపోయాక అవ్వ, "ఇంకేం రాయలేదా?" అని అడిగేది. కాగితం అటూ ఇటూ తిప్పి చూపించేదాన్ని. మళ్లీ మొదటి నుంచీ చదవమనేది.

1971లో బెంగళూరు అడ్రసు పోయి, కేరాఫ్ 56 ఏపీవో అని వచ్చింది. ఏపీవో అంటే ఏ ఊరు అని అడిగింది అవ్వ. బాపు చెప్పాడు: "ఊరు కాదు చెల్లే, ఫౌజు పోస్టాఫీసు. వాళ్లు ఎక్కడున్నరో ఎవరికీ తెల్వద్దని అట్ల రాస్తరు." అవ్వ అరుగు మీద కూలబడింది. కొడుకు ఎక్కడున్నాడో తల్లికి కూడా చెప్పని నౌకరీ ఏం నౌకరీ అంది.

డిసెంబర్ 3 సాయంత్రం పఠాన్‌కోట్, అమృత్‌సర్ విమానాశ్రయాల మీద బాంబులు పడ్డాయి. నేను ఆరో తరగతి. పంచాయతీ ఆఫీసు రేడియో ముందు పొద్దున్నే ఢిల్లీ తెలుగు వార్తలకు జనం చేరేవాళ్లు. ఢాకా, జెస్సోర్, లాంగేవాలా, ఎప్పుడూ వినని ఊర్ల పేర్లు. విశాఖపట్నం దగ్గర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునిగిందన్న వార్త విన్న రోజు మాత్రం అందరి ముఖాలూ మారిపోయాయి. అప్పటిదాకా యుద్ధం ఎక్కడో దూరాన జరుగుతున్నట్టు ఉండేది. అవ్వ ఆ గుంపులోకి రాలేదు. పోస్టాఫీసు ముందే కూర్చునేది. టపా సంచి విప్పేటప్పుడు బాపు చేతుల వంక చూసేది. అందరికీ ఉత్తరం కోసం ఎదురుచూపు ఉంటుంది, ఆమెకు టెలిగ్రాం రాకూడదనే ఎదురుచూపు. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, మొత్తం 93,000 మంది దాకా బందీలయ్యారు, మర్నాడు రాత్రి పడమటి వైపు కూడా కాల్పులు ఆగాయి. బడిలో మిఠాయి పంచారు. మామ నుంచి కార్డు ముక్క కూడా లేదు.

సంక్రాంతి దాటాక వచ్చింది ఉత్తరం. "క్షేమంగా ఉన్నాను. ఇంకా పని ఉంది, ఇప్పుడే సెలవు ఇవ్వరు. ఎడమ చెవి సరిగ్గా వినబడటం లేదు, మందు వేస్తున్నారు. మిరప ఎండబెట్టారా?" అవ్వ ఆ రోజు రెండోసారి చదవమనలేదు. లేచి వెళ్లి బర్రెలకు గడ్డి వేసింది.

యుద్ధం అయిపోయాక ఇంకా ఏం పని అని మాకెవరికీ తట్టలేదు.

దాదాపు ఏడాది తర్వాత సెలవు మీద వచ్చాడు. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో కాజీపేట దిగి, నల్ల ట్రంకు పెట్టెతో, హోల్డాల్‌తో. ఊరంతా వెళ్లింది. ట్యాంకు చూశావా, ఎంతమందిని చంపావు అని అడిగారు. నవ్వి ఊరుకున్నాడు. నాకు గుర్తున్నదల్లా ఒక్కటే. పొలానికి పోతుంటే గట్టు వదిలి అడుగు పక్కకు పెట్టేవాడు కాదు. ముందు నడిచేవాళ్ల అడుగులోనే అడుగు వేసేవాడు. మేం పిల్లలం అది ఆట అనుకుని వెనకాలే అలాగే నడిచేవాళ్లం.

1974లో పెళ్లయింది. అత్తది వాళ్ల పాత ఊరివైపే. ఇద్దరు పిల్లలు. సగం కాలం క్వార్టర్లలో, సగం కాలం ఇక్కడ అవ్వ దగ్గర. 1986లో హవల్దారుగా పింఛను తీసుకుని ఊరికొచ్చాడు. అప్పటికి నేను హనుమకొండలో టీచర్‌ని. వచ్చినప్పుడల్లా చూసేదాన్ని, ఆయన మిరప చేను ఊళ్లో ఇంకెవరికీ లేనంత తిన్నగా ఉండేది. చేను ఆ చివర నుంచి ఈ చివరకు తెల్లటి నవారు పరిచి, దాని వెంబడే నాటించేవాడు. కూలీలు విసుక్కునేవాళ్లు. మామ ఒప్పుకునేవాడు కాదు.

ఆయన వచ్చిన కాలం మా ఉత్తర తెలంగాణకు మంచి కాలం కాదు. రాత్రి నక్సలైట్ అన్నలు, పగలు పోలీసులు. రోడ్ల కింద, కల్వర్టుల కింద మందుపాతరలు. జీపులు పేలిన వార్తలు పేపర్లో తరచుగా వచ్చేవి. పోలీసులు జీపులు మానేసి నడిచేవాళ్లు, లేదా మామూలు బట్టల్లో ఆర్టీసీ బస్సెక్కేవాళ్లు. దాంతో బస్సు ప్రయాణమంటే కూడా అందరికీ టెన్షనే.

1990 ప్రాంతంలో, బతుకమ్మ పండక్కి పుట్టింటికి వెళ్తున్నాను. నర్సంపేటలో మామ కూడా అదే బస్సెక్కాడు, ఎరువుల బస్తా వేసుకుని. మా ఊరికి ముందు కల్వర్టు దగ్గర డ్రైవర్ బ్రేక్ వేశాడు. రోడ్డు పక్కన మట్టి కొత్తగా తవ్వి పూడ్చినట్టుంది. ఎవరికీ మాట రాలేదు. ఒకామె పిల్లను కడుపుకు అదుముకుని ఏడుపు మొదలుపెట్టింది. కొందరు గబగబా దిగి పొలాల్లోకి పరుగెత్తబోయారు.

మామ గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. "ఎవరూ పక్కకి పోవద్దు. బస్సు వచ్చిన చక్రాల జాడ మీదనే వెనక్కి నడవండి. ఒకరెనక ఒకరు." అందరం అలాగే నడిచాం. ఆయన మాత్రం ముందుకు పోయాడు. రోడ్డు రెండు పక్కలా గడ్డిలో వైరు కోసం చాలాసేపు వెతికాడు. తర్వాత కంచెలోంచి సన్నటి పుల్ల ఒకటి విరుచుకుని, రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. నలభై దాటిన మనిషి, తెల్ల చొక్కా. పుల్లతో పొడుస్తూ, వేళ్లతో మట్టి తీస్తూ, అంగుళం అంగుళం జరుగుతూ పోయాడు. దూరం నుంచి చూస్తున్న మాలో దగ్గే వాళ్లు కూడా లేరు. చివరికి లేచి, మట్టి దులుపుకోకుండానే కల్వర్టు మీద నుంచి అవతలికి నడిచాడు. మళ్లీ ఇవతలికి నడిచాడు. అప్పుడు డ్రైవర్‌కు చెయ్యి ఊపాడు. ఎవరో పైపు కోసం తవ్వి పూడ్చిన గుంట అది.

బస్సెక్కాక చూశాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుంటే ఒళ్లు కూడా వణుకుతోంది.

ఆ సాయంత్రం మా అరుగు మీద బాపుకూ నాకూ చెప్పాడు. పంతొమ్మిదేళ్ల తర్వాత.

పంజాబు పక్కన షకర్‌గఢ్ అనే ప్రాంతం. పాకిస్తాన్ వాళ్లు వందల గజాల వెడల్పున మైన్లు పాతి పెట్టారు. మన ట్యాంకులు దాటాలంటే శాపర్లు ముందు దారి చెయ్యాలి. "రాత్రిపూటే పని అమ్మాయ్. బోర్లా పడుకుని ఇనప చువ్వని నేలలోకి ఏటవాలుగా గుచ్చాలి. నిటారుగా గుచ్చితే మైను నెత్తి మీద తగులుద్ది. ఏటవాలుగా అయితే పక్కన తగులుద్ది. తగిలిందా, ఇక వేళ్లే. డిసెంబర్ చలికి వేళ్లకి స్పర్శ ఉండదు. పైనుంచి గుండ్లు పడతానే ఉంటాయి. తీసిన మేరకి రెండు పక్కలా తెల్ల నవారు పరుచుకుంటా పోవాలి, ఎనక ట్యాంకులు దాని మధ్యలోనే రావాలి." బసంతర్ నది దగ్గర దారి సగమే అయ్యిందట. అవతల శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని తెలిసి పూనా హార్స్ అనే దళం ట్యాంకులు ఆగకుండా మిగిలిన మైన్ల మీదుగానే వెళ్లిపోయాయి. 21 ఏళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ వెళ్లింది ఆ దళంలోనే. డిసెంబర్ 16న చనిపోయాడు, పరమవీరచక్ర ఇచ్చారు. ఆ వైపు మైన్ల మధ్య దారులు చేయిస్తూ చనిపోయిన మేజర్ విజయ్ రతన్ చౌదరికి మహావీరచక్ర వచ్చింది. వాళ్ల పేర్లు చెప్పేటప్పుడు మామ నిటారుగా కూర్చున్నాడు. తన పక్కన పనిచేసి చనిపోయిన ఇద్దరి పేర్లు కూడా చెప్పాడు. వాళ్లు ఏ పుస్తకంలోనూ లేరు. ఒకతను కేరళ, ఒకతను ఒంగోలు వైపు.

కానీ ఆయన ఎక్కువసేపు చెప్పింది ఆ పద్నాలుగు రోజుల గురించి కాదు, తర్వాతి సంగతి. 1972 జూలైలో సిమ్లా ఒప్పందం, ఆ డిసెంబర్‌లో దళాలు వెనక్కి రావడం. ఈలోగా సరిహద్దు పొడుగునా రెండు దేశాలూ పాతిన మైన్లు తీయాలి. మనం పాతినవి మన రైతుల పొలాల్లోనే. మనవాటికి పటాలుంటాయి, కానీ వానకు మట్టి కొట్టుకుపోతే మైను పటంలో ఉన్నచోట ఉండదు. "గట్టు మీద సర్దార్జీలు నిలబడి మా వంకే చూసేవాళ్లు. అదును దాటిపోతంది, దుక్కి ఎప్పుడు చెయ్యమంటారు అని అడిగేవాళ్లు. వాళ్లని చూస్తే మా అమ్మ గుర్తొచ్చేది. ఒక పొలం అయిపోయాక మేమే వరసగా చేతులు పట్టుకుని దాని మీద అటు చివరికి నడిచి చూపించాలి. అప్పుడు నమ్మి నాగలి దించేవాళ్లు." ఒక ముసలాయన రోజూ వీళ్లకు మజ్జిగ తెచ్చేవాడట. ఆయన పొలం అప్పగించిన రోజు మామ నాగలి పట్టి మొదటి సాలు దున్నాడు. అది చెప్పినప్పుడు మాత్రం ముఖం వెలిగింది. నాకు పతకాల కంటే ఆ సాలే పెద్దదనిపిస్తుంది.

కల్వర్టు సంగతి ఊరు దాటింది. మిలిటరాయన పుల్లతో పొడిచి మందుపాతర చెప్పేస్తడట అని. కొద్ది రోజులకే పగటి పూట ఒక కబురొచ్చింది. తర్వాత ఒక రాత్రి తలుపు తట్టారు. ఒకరికి కనిపెట్టే పద్ధతి కావాలి, ఇంకొకరికి కనబడకుండా పెట్టే పద్ధతి కావాలి. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాడు, మర్చిపోయానని. ఆ జవాబును ఎవరూ ఎన్నాళ్లో నమ్మరని ఆయనకు తెలుసు. పిల్లలు బడికి పోయేది అదే రోడ్డు మీద. పొలం పక్కింటి వాళ్లకు కౌలుకిచ్చి, భార్యాపిల్లల్ని తీసుకుని హనుమకొండ వచ్చేశాడు.

నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇక్కడే. 1969లో గుంటూరోడు అని ఎవరూ వెళ్లగొట్టలేదు. ఎవరి పొలాల్లోంచో మైన్లు ఏరి వచ్చిన మనిషి, అవే మైన్ల మూలాన తన పొలం వదిలిపెట్టాల్సి వచ్చింది. ఊళ్లో ఎవరం ఆపలేకపోయాం. గుంటూరవ్వ మాత్రం రానంది. "అరవై తొమ్మిదిలోనే కదల్లేదు, ఇప్పుడు కదుల్తానా?" అంది. ఆ ఇంట్లోనే పోయింది. మా ఊరి మగవాళ్లే మోశారు.

హనుమకొండలో మామ ఒక బ్యాంకులో గార్డుగా చేరాడు. ఖాకీ బట్టలు, తుపాకీ, గేటు పక్కన స్టూలు. 1998లో మా జిల్లాలో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. లద్దె పురుగు తగ్గలేదు, కొట్టిన మందు పని చెయ్యలేదు, దుకాణాల అప్పు మాత్రం పెరిగింది. మామ కౌలు రైతు కూడా అలాంటి అప్పుల్లోనే కూరుకుపోయి ఉన్నాడు. సంగతి తెలిసిన రోజే మామ వెళ్లి అతన్ని హనుమకొండ తీసుకొచ్చి, తన దగ్గర పెట్టుకుని, అప్పులో సగం పైగా పింఛను డబ్బుతో తీర్చాడు. కౌలు అడగలేదు. ఆ మనిషి ఈ రోజుకీ ఆ చేనే చేస్తున్నాడు.

2000 మార్చిలో ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డి కారు మందుపాతరకు పేలిపోయినప్పుడు, పార్లమెంటు మీద దాడి తర్వాత మళ్లీ సరిహద్దంతా మైన్లు పాతుతున్నారని పేపర్లో వచ్చినప్పుడు, రెండుసార్లూ మా ఇంటికి వచ్చి ఊరికే కూర్చున్నాడు. టీ తాగాడు. "మళ్లీ ఏరేది ఎవరో పాపం" అన్నాడు, అంతే.

ఇప్పుడు డెబ్బై దాటాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి వైపు కూర్చుని మాట్లాడాలి. ప్రతి నవంబర్ లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలిముద్ర మిషన్ మీద పడక ఇబ్బంది పడతాడు, మట్టిలో అరిగిన వేళ్లు. మనవరాలు ఫోన్ పట్టుకుని ఏదో చేసి పంపిస్తుంది. ఆ అమ్మాయి పుట్టింది, చదివింది అంతా హనుమకొండలోనే. కాకతీయ మెడికల్ కాలేజీలో లోకల్ కింద సీటు వచ్చింది. ఆ కాగితం పట్టుకుని మామ ఆటోలో మా ఇంటికి వచ్చాడు. లోకల్ అని ఉన్న చోట వేలు పెట్టి చూపించి, "బావ ఉంటే ముందు ఆయనకే చూపించేవాణ్ని అమ్మాయ్" అన్నాడు. తర్వాత హాస్టల్లో వెయ్యాలా, ఇంటి నుంచే పంపాలా అని మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఇంటి నుంచే పంపుతున్నాడు. ఆదివారం వస్తే ఆ పిల్ల స్కూటీ వెనక కూర్చుని ఊరికి పోయి, మిరప సాళ్లు వంకరగా వేశారని కౌలు రైతుతో పోట్లాడి వస్తాడు.